పేరు చెప్పని తల్లి

మంగతాయారు గారు కొడుకు పేరు చెప్పలేదు.

రెండుసార్లు అడిగాను. మొదటిసారి "మా చిట్టిబాబండీ" అని ఏడ్చారు. అసలు పేరు కావాలంటే చేతిసంచిలోంచి ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టారు. వై. వీరాంజనేయులు, ముప్పై రెండేళ్ళు. మోపిదేవి అవతల పల్లెలో రొయ్యల చెరువులు చేసుకునేవాడు. నిన్న సాయంత్రం బందరు కృష్ణతులసి హాస్పిటల్లో కాలి పుండుకి ఇంజెక్షన్ చేయించుకున్నాడు. నర్సు సూది పారేసి వెనక్కి తిరిగేలోగా గొంతు పూడుకుపోయింది. తర్వాత ఎవరెంత పరిగెత్తినా లాభం లేకపోయింది.

పేరు చెప్పనందుకు ఆవిడ మీద నాకు విసుగు రాలేదు. నాకు విసుగు రాకపోవడం అరుదని నన్నెరిగినవాళ్ళెవరైనా చెప్తారు. మామగారి పేరు పెట్టుకున్న కొడుకుని ఆ ఇంటి కోడలు పేరుపెట్టి పిలవదు. మా ఇంట్లోనూ ఇదే. మా తమ్ముడికి తాతయ్య పేరు పెట్టారు, కోటేశ్వరరావు. అమ్మ నోట ఆ పేరు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వాడు బడి రికార్డుల్లో కోటేశ్వరరావు, ఇంట్లో నాని.

నేను ఉమాశ్రీ. బందరులో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. పెళ్ళిసంబంధాల వాకబులూ ఇన్సూరెన్సు మోసాలూ చూసుకుంటూ బతికేదాన్ని. హత్య కేసు నా దాకా రావడం అరుదు. వచ్చినప్పుడు పోలీసులతో తగువు పెట్టుకోకుండా తేలడం ఇంకా అరుదు.

ఈ కేసులో పోలీసులు అప్పుడే హంతకుణ్ణి పట్టేసుకున్నారు. అతని పేరూ వై. వీరాంజనేయులే. చనిపోయినవాడి పెదనాన్న కొడుకు. ఒకే తాత పేరు ఇద్దరు మనవలకీ పెట్టారు. ఇంట్లో ఇతన్ని బాబ్జీ అంటారు. తల్లి చిన్నప్పుడే పోతే మంగతాయారు గారి చేతి ముద్ద తిని పెరిగాడు. పోయిన నెల అన్నదమ్ములిద్దరూ తూము దగ్గర ఊరంతా చూస్తుండగా కొట్టుకున్నారు. రొయ్యలకి తెల్లమచ్చల జబ్బు తగిలిన తన చెరువు నీళ్ళు బాబ్జీ చెప్పకుండా వదిలేశాడని చిట్టిబాబు కోపం. ఆ తగువు చాలట, ఇవాళ సాయంత్రం బాబ్జీని కోర్టులో హాజరుపరుస్తున్నారు.

"పోయినవాడు ఎట్లాగూ రాడు. ఉన్నవాణ్ణన్నా నాకు ఇప్పించమ్మా," అన్నారు ఆవిడ. కొడుకు శవం ఇంకా మార్చురీలో ఉంది. ఆ మాట విన్నాక నేను ఫీజు సంగతి ఎత్తలేదు.

ఇంజెక్షన్ గురించి అడిగాను. రెండేళ్ళ క్రితం ఈ హాస్పిటల్‌దే అవనిగడ్డ బ్రాంచిలో ఇదే మందు చర్మం కింద కొద్దిగా వేసి చూస్తే చిట్టిబాబు మొహం వాచి ఊపిరి ఆడలేదట. అక్కడి డాక్టరు బతికించి, ఈ మందు జన్మలో వేయించుకోవద్దని చెప్పి, కంప్యూటర్లో ఎర్ర అక్షరాలతో రాయించాడట. ఇకమీదట హాస్పిటల్ కార్డు చూపిస్తే చాలమ్మా, ఏ బ్రాంచికెళ్ళినా వాళ్ళే చూసుకుంటారు, నువ్వేం చెప్పక్కర్లేదు అన్నాడట. అందుకని నిన్న ఆవిడ కార్డు ఇచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు.

ఆ ఎర్ర అక్షరాలు నాకు తెలుసు. మా నానికి నొప్పి తగ్గే ఇంజెక్షన్లు పడవు. చిన్నప్పుడు ఒకటి వేస్తే నీలంగా అయిపోయాడు. వాడి రికార్డులోనూ అలాగే ఎర్రగా రాసి ఉంటుంది.

"నేను నోరు తెరిచి చెప్పి ఉంటే వాడు బతికేవాడా అమ్మా?" అని అడిగారు.

అదే సమయానికి ఫోన్ మోగింది. అమ్మ. నానికి ఇవాళ ఇదే హాస్పిటల్ గుడివాడ బ్రాంచిలో ఆపరేషన్. పోయినేడు కాలికి వేసిన ప్లేటు తీస్తున్నారు. చిన్న పని, అయినా అమ్మకి చిన్నదేదీ ఉండదు, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఒకటే గోల. కట్ చేశాను.

*

ఎమర్జెన్సీ వార్డులో ఆ మంచం మీద దుప్పటి తీసేసి పరుపు కడిగేశారు. దాని చుట్టూ పోలీసులు కట్టిన రిబ్బను ఒక చివర ఊడిపోయి నేల మీద పడి ఉంది. నాతో ఫహీమ్ ఉన్నాడు. హైదరాబాదులో ఐదారేళ్ళు కంపెనీల డేటా పనులు చేసి, ఆ ఉద్యోగం మొహం మొత్తి బందరు వచ్చి కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న మనిషి. తెరల మీద కనబడేదేదైనా నాకు అతనే అర్థం చెప్పాలి.

మంచం పక్కనున్న మందుల ట్రే ఇంకా అలాగే ఉంది. వాడిన సిరంజి పోలీసులు తీసుకెళ్ళారు. దాని పక్కన చిన్న సిరంజి ఒకటి కవరు చించకుండా ఉంది. అది ముందుగా కొద్దిగా వేసి చూసే పరీక్షకి వాడేది. దాన్ని ముట్టుకోలేదంటే పరీక్ష చేయలేదని అర్థం. నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్న డ్యూటీలో ఉన్న నర్సు మార్కుని పిలిపించి, ఎందుకు చేయలేదని గట్టిగానే అడిగాను.

మార్కు పెద్ద వయసువాడే, ఈ పనిలో తల పండింది. రాత్రంతా నిద్రపోనట్టుంది, నిలబడలేక గోడకి ఆనుకున్నాడు. కార్డు స్కాన్ చేస్తే తెర మీద అంతా ఆకుపచ్చగా వచ్చిందన్నాడు. పడని మందులు లేవు అని ఉందట. ఇదే ఇంజెక్షన్ కొద్ది నెలల క్రితం గుడివాడలో ఇచ్చారు, ఏ ఇబ్బందీ రాలేదు అని కూడా ఉందట. ఇదివరకు పడిన మందే కాబట్టి డాక్టరు పరీక్ష అక్కర్లేదన్నాడట.

ఫహీమ్ ఆ కార్డునే మళ్ళీ స్కాన్ చేశాడు. తెర ఎర్రబడింది. ఈ మందు ఇవ్వరాదు, ప్రాణాపాయం. అవనిగడ్డ డాక్టరు రాయించిన మాటలు, ఉన్నవున్నట్టు.

మార్కు దాన్ని చూసి బిగుసుకుపోయాడు. "నిన్న ఇది లేదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు, ఇది లేదు."

నేనతన్ని నమ్మాను. అబద్ధమాడేవాడు ముందు మన మొహం చూస్తాడు. ఇతను తెర మీంచి కళ్ళు తిప్పుకోలేకపోతున్నాడు. నిన్న పేరు అడిగావా అన్నాను. అడిగాడట. పేషెంటు జ్వరంలో మాట్లాడే స్థితిలో లేడు, బయటున్న తల్లిని అడిగితే పేరు చెప్పకుండా కార్డు చేతికిచ్చిందట. కార్డు ఉండగా పేరుతో పనేమిటని ఊరుకున్నాడట.

ఇంకేమైనా ఉందా అంటే చాలా మెల్లగా చెప్పాడు. పోలీసులకి ఈ మాట చెప్పలేదట, చెప్పే ధైర్యం రాలేదట.

"సూది వేసేముందు, భయపడకు తమ్ముడూ, గుడివాడలో వేశారుగా, ఏం కాదు అన్నాను మేడమ్. అతను కళ్ళు తెరిచి, నేను గుడివాడ ఎప్పుడెళ్ళాను అన్నాడు. జ్వరం పేలాపన అనుకున్నాను."

ఫహీమ్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆ కుర్రాడు తన ప్రాణం తానే కాపాడుకోబోయాడు, చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పాడు, దాన్ని తెర మీది ఆకుపచ్చ రంగు కొట్టిపారేసింది.

మళ్ళీ అమ్మ ఫోను. మళ్ళీ కట్ చేశాను.

*

ఆ కంప్యూటర్లోనే రికార్డు పాత మార్పులు తిరగేసి చూసిన ఫహీమ్, రంగు ఎలా మారిందో మెట్లెక్కుతూ చెప్పాడు. ఈ హాస్పిటల్‌కి మూడు బ్రాంచీలు, మూడింటికీ వేర్వేరు కాలాల్లో కొన్న మూడు రకాల సాఫ్ట్‌వేర్లు. అవనిగడ్డలో రాసింది గుడివాడలో కనబడదు, గుడివాడలో రాసింది బందరులో కనబడదు. పోయిన వేసవిలో యాజమాన్యం 'సంగమం' అనే క్లౌడ్ ప్లాట్‌ఫామ్ పెట్టించింది. అది మూడు చోట్ల సమాచారాన్నీ లాక్కుని ఒకచోట కలుపుతుంది. ఒకే మనిషి రెండు చోట్ల చూపించుకుని రెండు రికార్డులుగా ఉంటే ఆ రెండింటినీ ఒకటి చేస్తుంది. ఒకదానికొకటి పొసగని వివరం ఉంటే కొత్తగా వచ్చినదాన్ని ఉంచి పాతదాన్ని పక్కకి పెడుతుంది.

అవనిగడ్డ చిట్టిబాబునీ గుడివాడ బాబ్జీనీ అది ఒక్క మనిషిని చేసింది. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే. పుట్టినరోజు కూడా ఒకటే, ఇద్దర్నీ బళ్ళో చేర్చినప్పుడు ఒకే మాస్టారు తనకి తోచిన తేదీ ఒకటి వేసేశాడట. ఫోన్ నంబరూ ఒకటే. రెండేళ్ళ క్రితం చిట్టిబాబుని బండి మీద అవనిగడ్డ తీసుకెళ్ళింది బాబ్జీయే, కౌంటర్లో తన నంబరే ఇచ్చాడు. గుడివాడలో ఆ మందు వేయించుకున్నది బాబ్జీ, అతనికది పడుతుంది. బాబ్జీ వివరం కొత్తది కాబట్టి అదే నిలిచింది, చిట్టిబాబు ఎర్ర అక్షరాలు తెర వెనక్కి పోయాయి.

"కానీ అక్కా, మెషీను దానంతటది కలపదు," అన్నాడు ఫహీమ్. "ఇద్దరూ ఒకరేనేమో అని అడుగుతుంది. ఒక మనిషి చూసుకుని, వాకబు చేసి, అవునని నొక్కాలి. ఎవరు నొక్కారో, ఎందుకు నొక్కారో కూడా అందులో రాసి ఉంటుంది."

ఆ నొక్కిన మనిషి పై అంతస్తులో ఏసీ గదిలో ఉన్నాడు. డేటా మేనేజరు ఫణీంద్ర. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తటి మాట. ఆయన ఎదురుకుర్చీలో అప్పటికే సీఐ గోవర్ధనరావు కాఫీ తాగుతున్నాడు. ఈయనకీ నాకూ పాత లెక్కలున్నాయి. నన్ను చూడగానే కప్పు కింద పెట్టాడు.

"కేసు తేలిపోయింది ఉమాశ్రీ గారూ. ఆ పెద్దావిడకి ఆశలు పెట్టకుండా ఇంటికి పంపించండి, పుణ్యం ఉంటుంది."

"తేలితే మీరిక్కడ కాఫీ ఎందుకు తాగుతున్నారు?"

"సాక్ష్యం ప్రింటు తీయించుకుంటున్నాను," అని ఒక కాగితం నా ముందుకు తోశాడు. రెండు రికార్డులూ కలిపేముందు హాస్పిటల్ వాళ్ళు రాసుకున్న కారణం అది. ఫణీంద్ర పేరుతో ఉంది.

'తల్లి మంగతాయారుతో ఫోనులో మాట్లాడడమైనది. మా వై. వీరాంజనేయులు ఒక్కడే, రెండు చోట్లా చూపించుకున్నది అతనే అని చెప్పియున్నారు.'

సీఐ లెక్క సులువు. రికార్డులో ఉన్న నంబరు బాబ్జీది కాబట్టి ఫోను వెళ్ళింది బాబ్జీకి. తమ్ముడికి ఏ మందు పడదో బాబ్జీకి తెలుసు. ఎవరో ఆడమనిషిని పక్కన పెట్టుకుని పిన్ని గొంతుతో అబద్ధం చెప్పించాడు. ఎర్ర అక్షరాలు చెరిపించాడు. తమ్ముడు జబ్బు పడేదాకా కాచుకుని కూర్చున్నాడు. కత్తి అక్కర్లేని హత్య, ఇలాంటిది జిల్లాలోనే మొదటిదని ఆయన సంబరం. పేపర్లో ఫోటో ఎలా పడాలో కూడా ఆలోచించుకునే ఉంటాడు.

ఆ ఫోను వెళ్ళినట్టు ఫోను కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పించారా అని అడిగాను. రాసి పంపామని, వస్తాయని అన్నాడు. రాకముందే మనిషిని లోపలేశారన్నమాట. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను. ఆయన మీసం దువ్వుకుని, నా పని నాకు నేర్పకండి అన్నాడు.

నేను ఫణీంద్ర వైపు తిరిగాను. "ఈ మాటలు ఆవిడ అన్నవేనా?"

"ఆవిడో, ఆవిడలా మాట్లాడినవాళ్ళో అన్నవి మేడమ్. ఉన్నదున్నట్టు రాశాం. అక్షరం పొల్లుపోలేదు."

"ఫోను మీరే చేశారా?"

"నేనే చేశాను. ఇలాంటివి నేను ఎవరికీ వదలను."

"ఆడగొంతేనా?"

"పెద్ద వయసు ఆడగొంతు."

అంతదాకా రానిచ్చి, బయట కూర్చున్న మంగతాయారు గారిని లోపలికి పిలిచాను. ఆవిణ్ణి చూసి ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. ఆవిడ పక్కన కుర్చీ వేసి, సీఐని ఒకటే అడిగాను. నిన్న రాత్రి స్టేషన్లో ఈవిడ ఫిర్యాదు రాసుకున్నప్పుడు కొడుకు పేరు ఎవరు చెప్పారు?

"ఈవిడే చెప్పుంటుంది. ఇంకెవరు చెప్తారు?"

"రాసుకున్న రైటర్‌ని అడగండి."

విసుక్కుంటూనే ఫోను చేశాడు. అవతల ఏం చెప్పారో మాకు వినబడలేదు గానీ ఆయన మొహం మెల్లగా మారింది. ఆవిడ పేరు చెప్పలేదు, ఎంత అడిగినా మా చిట్టిబాబనే అంది, చివరికి ఆధార్ చూసి రాసుకున్నారట.

"మా మామగారి పేరండీ అది," అన్నారు మంగతాయారు గారు. తలెత్తలేదు. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను అనలేదు. నిన్న వాడు పోతుంటే కూడా చిట్టీ అనే పిలిచాను."

నేనిక గొంతు తగ్గించుకోలేదు.

"గోవర్ధనరావు గారూ, బాబ్జీ ఆ ఇంట్లో పెరిగాడు. పిన్నిలా మాట్లాడమని ఎవరికన్నా నేర్పాలంటే మా చిట్టిబాబు అనమని నేర్పుతాడు. ఆ ఇల్లు తెలిసిన ఎవ్వరూ ఈ వాక్యం తయారుచేయరు. పైగా చూడండి, మా వై. వీరాంజనేయులట. ఏ తల్లి అయినా కడుపున పుట్టినవాణ్ణి ఇంటిపేరు అక్షరంతో కలిపి చెప్తుందా? ఇది నోటి నుంచి వచ్చిన మాట కాదు. రికార్డులో పేరున్న గడిలోంచి తెచ్చి ఇక్కడ అతికించిన మాట. ఇతను ఎవరికీ ఫోను చేయలేదు."

సీఐ ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఆయన మొండివాడే గానీ తెలివి తక్కువవాడు కాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ కప్పుని దూరంగా జరిపాడు. "ఫణీంద్ర గారూ, ఫోను చేశారా, చేయలేదా?" అన్నాడు. ఆ గొంతు నేను స్టేషన్లోనే విన్నాను, ఏసీ గదుల్లో ఎప్పుడూ వినలేదు.

ఫణీంద్ర కూర్చున్నాడు.

"నిన్నటి ఆకుపచ్చ ఇవాళ ఎరుపెలా అయింది?" అన్నాను.

"రాత్రి విడగొట్టాను. తప్పు తెలిసింది కాబట్టి సరిచేశాను."

"తప్పని తెలిసి, వాకబు చేసే కలిపామని సీఐ గారికి ఈ కాగితం ఇచ్చారు. వేరేవాడు జైలుకి పోతుంటే చూస్తూ కూర్చున్నారు."

అతను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నా ఫోను మూడోసారి మోగింది. అమ్మ. బల్ల మీద బోర్లా పెట్టేశాను.

ఆ వాక్యం ఇంకెక్కడైనా ఉందేమో చూడమని ఫహీమ్‌కి చెప్పాను. ఫణీంద్ర అడ్డం పడ్డాడు. పేషెంట్ల సమాచారం బయటివాళ్ళకి చూపించడం రూల్స్‌కి విరుద్ధమట, డేటా కాపాడే గవర్నెన్స్ పద్ధతి ఒప్పుకోదట. ఆ మాట ఆ నోట వినేసరికి నాకు నవ్వు కూడా రాలేదు. సీఐ లేచి అతని భుజం మీద చెయ్యి వేసి, రూల్సు నేను చూసుకుంటాను, తెరువు అన్నాడు.

ఫహీమ్ వెతికే గడిలో 'ఒక్కడే' అని కొట్టాడు.

తెర నిండిపోయింది.

'తల్లి సీతారత్నంతో ఫోనులో మాట్లాడడమైనది. మా ఎమ్. నాగభూషణరావు ఒక్కడే...' 'తల్లి (లేరు)తో ఫోనులో మాట్లాడడమైనది. మా జి. నాగేశ్వరరావు ఒక్కడే...' 'తల్లి ఖైరున్ బీతో ఫోనులో మాట్లాడడమైనది. మా ఎస్.కె. హిదాయతుల్లా ఒక్కడే...' అదే వాక్యం, పేరు మాత్రం వేరు. ఫహీమ్ కిందకి జరుపుతుంటే జరుగుతూనే ఉంది, అడుగు రావడం లేదు. దివిసీమ నుంచి గుడివాడ దాకా తాతల పేర్లు పెట్టుకున్న మనవలందరూ ఒకరిలో ఒకరు కలిసిపోయి ఉన్నారు. ఈ నేల మీద ప్రతి ఇంట్లో అదే పేరుతో ఇద్దరుంటారని అది తయారుచేసినవాళ్ళకి తెలియదు. ఇక్కడే పుట్టి పెరిగిన ఫణీంద్రకి తెలుసు.

ముందు తేరుకున్నది సీఐ. "ఇదంతా ఏమిటయ్యా?" అన్నాడు.

ఫణీంద్ర తల వంచుకుని చెప్పాడు. హాస్పిటల్‌ని పెద్ద కంపెనీ ఒకటి కొనడానికి వస్తోంది. వాళ్ళు వచ్చేలోగా 'సంగమం'లో తేలని అనుమానాలు ఒక్కటీ ఉండకూడదని పైనుంచి ఒత్తిడి. ఒక్కొక్కరికీ ఫోను చేసుకుంటూ పోతే ఏడాది పడుతుంది. అందుకని కారణం రాసే గడి దానంతటదే నిండేలా ఒక వాక్యం రాసి, అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, ఒక్క బటన్ నొక్కాడు. తప్పులు పడితే తర్వాత సరిచేయొచ్చు అనుకున్నాడట.

నేను బాబ్జీ కోసం వచ్చాను. ఒక తమ్ముణ్ణి చంపిన ఒక హంతకుడి కోసం వెతికాను. హత్య ఒకటి కాదు. ఇంకా జరగని హత్యలు ఎన్ని ఉన్నాయో ఆ తెరకే తెలియాలి.

"రాత్రి ఒక్క చిట్టిబాబునే ఎందుకు విడగొట్టావు?" అన్నాను. గారూ మీరూ అప్పటికి పోయాయి. "మిగతావన్నీ ఎందుకు విడగొట్టలేదు?"

"అన్నీ విడగొడితే అన్నీ బయటపడతాయి," అన్నాడు ఫణీంద్ర.

మంగతాయారు గారు అతన్నే చూస్తున్నారు. ఏడవడం ఆపేశారు. "ఇంకా పిల్లలున్నారా నాయనా ఇందులో?" అని అడిగారు. అతను ఆవిడ మొహం చూడలేదు.

సీఐ స్టేషన్‌కి ఫోను చేసి బాబ్జీని కోర్టుకి తీసుకెళ్ళొద్దన్నాడు. ఆ మాట వినగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టబోయారు. నేను ఆ చేతులు పట్టుకుని దించుతూ ఉండగా ఫహీమ్ గొంతు వినబడింది.

"అక్కా. మీ ఊరు తోట్లవల్లూరు కదూ?"

నేను తెర వైపు చూశాను.

'తల్లి సుభద్రతో ఫోనులో మాట్లాడడమైనది. మా సి.హెచ్. కోటేశ్వరరావు ఒక్కడే, రెండు చోట్లా చూపించుకున్నది అతనే అని చెప్పియున్నారు.'

సుభద్ర మా అమ్మ. సి.హెచ్. కోటేశ్వరరావు మా నాని. ఆ రెండో కోటేశ్వరరావు మా పెదనాన్న కొడుకు రాజా. పోయినేడు ఇద్దరూ ఒకే బండి మీంచి పడ్డారు, నానిని గుడివాడలో, రాజాని బందరులో చేర్చి ఇద్దరికీ కౌంటర్లో మా నాన్న నంబరే ఇచ్చాం. మొన్న రాజాకి భుజం నొప్పొస్తే బందరులో నొప్పి ఇంజెక్షన్ చేయించింది నేనే. పక్కనే ఉండి మరీ చేయించాను. అది కొత్త వివరం. అదే నిలుస్తుంది.

ఫహీమ్ రికార్డు తెరిచాడు. పైనుంచి కిందదాకా ఆకుపచ్చ. పడని మందులు లేవు. ఆపరేషన్ ముందూ తర్వాతా ఇవ్వాల్సిన మందుల వరసలో ఆ ఇంజెక్షనే ఉంది.

ఏమిటని సీఐ అడిగితే, మా తమ్ముడు, గుడివాడలో ఇవాళే ఆపరేషన్ అన్నాను. బల్ల మీద బోర్లా పడి ఉన్న ఫోను తీసి అమ్మకి చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది, ఎత్తగానే కోపం.

"పొద్దుట్నుంచీ కట్ చేస్తావేమే?"

"నాని ఎక్కడమ్మా?"

"లోపలికి తీసుకెళ్ళారు. మత్తు కూడా ఇచ్చేశారట. పొద్దున వాణ్ణి వార్డులో పడుకోబెట్టి, కౌంటర్లో నన్ను వాడి పూర్తి పేరు చెప్పమన్నారు. నేనెట్లా చెప్తానే? నువ్వు చెప్తావని మూడుసార్లు చేశాను. నువ్వు ఎత్తకపోతివి, కార్డు ఇచ్చేశాను. అన్నీ అందులో ఉన్నాయిలే అన్నారు."

సీఐ గుడివాడ బ్రాంచికి ఫోను కలుపుతున్నాడు. రింగు అవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఫణీంద్ర ఇంకో నంబరు నొక్కుతున్నాడు. ఫహీమ్ ఆ రికార్డు విడగొట్టడానికి పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. వీటిల్లో ఏది ముందు తెమిలినా ఆపరేషన్ గది తలుపుకి అమ్మ ఉన్నంత దగ్గరగా ఇంకెవరూ లేరు.

"అమ్మా, లేచి ఆ తలుపు కొట్టు. నొప్పి ఇంజెక్షన్ వేయొద్దని చెప్పు. లోపల తెర మీద ఉన్నది మన నాని కాదు."

"నాని తల్లినని చెప్తాను."

"నాని అంటే అక్కడెవరికీ తెలియదు. పేరు చెప్పాలి."

"ఎట్లా చెప్పనే?"

"అరిచి చెప్పు అమ్మా. నీకు దణ్ణం పెడతాను."

మంగతాయారు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టుకి నొప్పి పుట్టింది, అయినా వదిలించుకోలేదు.

కుర్చీ జరిగిన శబ్దం వచ్చింది. చెప్పుల చప్పుడు. తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు, ఒకటి తర్వాత ఒకటి. ఎవరో లోపలికి రాకూడదమ్మా అంటున్నారు. అప్పుడు నలభై ఏళ్ళుగా ఆ పేరు పలకని మా అమ్మ గొంతు పగిలిపోయేలా అరిచింది.

"కోటేశ్వరరావు తల్లిని నేను. చింతలపాటి కోటేశ్వరరావు. వాడికి ఆ నొప్పి సూది వేయకండి."

తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఇంకా ఎవరూ తలుపు తీయలేదు.